బావిలో పోసిన నీళ్లు

సర్కారు కట్టించిన పేదల కాలనీలో గ్రామసేవికగా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. అరవైల మొదట్లో మాట. కల్వకుర్తి నుంచి శ్రీశైలం వైపు పోయే బస్సు దిగి గుట్టల దిక్కు రెండు మైళ్లు నడిస్తే ఊరు వస్తుంది. ఊరు దాటి ఇంకో అర మైలు పోతే, తుమ్మచెట్లు తప్ప ఏమీ మొలవని రాతి జాగాలో రెండు వరుసలుగా కొత్త ఇళ్లు. అన్నీ ఒకే కొలత, ఒకే రంగు. సెంటు భూమి లేని కూలివాళ్లకు ఇచ్చిన ఇళ్లు అవి. ఊరు విడిచిపెట్టిన జాగా కాబట్టే వాళ్లకిచ్చారని నాకు తర్వాత అర్థమైంది.

మొదటి వరుస చివరి ఇల్లు నాది. ముందు గదిలో బాలవాడి, వెనుక గదిలో నా కాపురం. కాలనీలోనే ఉండి కాలనీవాళ్లకు సాయపడటం నా ఉద్యోగం. పొద్దున పిల్లలకు పాలపొడి కలిపి పాలు పోయాలి. చూలింతలకు మాత్రలివ్వాలి. పొగ రాని పొయ్యి వేయడం నేర్పాలి. సాయంత్రం ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించాలి. నెలాఖరుకు వీటన్నిటి మీద రిపోర్టు రాయాలి. "పేదలకు ఇల్లిస్తే సరిపోదు, ఇంట్లో ఎలా బతకాలో నేర్పాలి" అని శిక్షణలో మాకు చెప్పారు. నేను ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుని కింద గీత కూడా గీశాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది. బతకడం వాళ్లకు నేను నేర్పాలట!

చేరిన రోజే బ్లాకు ఆఫీసు గుమస్తా, ఇళ్లు కట్టిన కంట్రాక్టరు కలిసి వచ్చారు. కాలనీని అప్పగిస్తున్నట్టు ఒక కాగితం తెచ్చారు. ఇళ్లు, తలుపులు, దారి, మంచినీళ్ల బావి, అన్నీ అందినట్టు అక్కడే ఉండే ఉద్యోగిగా నేను సంతకం చేయాలి. బావి రెండో వరుస చివర ఉంది. దూరం నుంచి చూశాను. నల్లరాతి గోడ, దానికి సున్నం, పైన కొత్త గిరక. ముచ్చటగా ఉంది. సంతకం పెట్టేశాను. శిక్షణ కేంద్రంలో నా రాతకు మంచి పేరుండేది. గుండ్రంగా, పొందిగ్గా పెట్టాను.

మర్నాడు పొద్దున బొక్కెన తీసుకుని బావి దగ్గరికి పోయాను. తాడు దిగింది, ఇంకా దిగింది, ఠంగుమని బండకు తగిలింది. వంగి చూస్తే అడుగున ఎండుటాకులు, ఒక పగిలిన కుండ. వెనుక ఎవరో నవ్వారు. పక్కింటామె. నా ఈడుదే. ఐదో నెల కడుపుతో ఉంది. నవ్వి, నా ముఖం చూసి ఆపుకుంది.

"అండ్ల నీళ్లెక్కడియి టీచరమ్మా? బండ తలిగిందని నడుమనే ఇడిసిపెట్టి పాయిన్రు. గోడ మాత్రం మంచిగ కట్టిన్రు."

"మరి మీరు నీళ్లెక్కడ తెస్తారు?"

"వాగుకు పోతం. చెలిమె తోడుకొని తెస్తం."

వాగు మైలు పైన. అందులోనూ నీళ్లు పారవు. ఇసుకను చేతులతో గుంటలా తోడి, ఊట ఊరేదాకా కూర్చుని, చిప్పతో కడవలోకి ఎత్తుకోవాలి. వరుసలో పదిమంది ఉంటే ఒక కడవకు పూట గడిచిపోతుంది. ఆ పూట కూలి పోతుంది. ఊళ్లో మూడు చేదబావులున్నాయి. వాటి తాడు వీళ్లు ముట్టకూడదు. గట్టు కింద ఖాళీ కుండలతో నిలబడితే, ఊరి ఆడవాళ్లలో ఎవరికైనా మనసు పుడితే ఒక బొక్కెన పైనుంచి వంపుతారు. అలాంటివి నేరమని అప్పటికే చట్టం ఉంది. చట్టం గురించిన రంగుల పటం మా బాలవాడి గోడ మీదే ఉంది. అందులో అందరూ ఒకే బావి చుట్టూ చేరి నవ్వుతూ నీళ్లు తోడుకుంటున్నారు. దాన్ని మైదా ఉడికించి అంటించింది నేనే.

మాది నల్లగొండ దిక్కు నేతపని చేసే కుటుంబం. ఆ సంగతి ఊళ్లో వాకబు చేసుకున్నారు. పటేలు భార్య కబురంపింది, మా బావి కాడ తోడుకో, తప్పులేదని. నేను పోయాను. రోజూ రెండు బిందెలు నింపుకుని వచ్చేదాన్ని. గట్టు కింద కాలనీ ఆడవాళ్లు నిలబడి ఉంటే వాళ్ల కుండల్లో కూడా పోయడం మొదలుపెట్టాను. మూడో రోజు పటేలు స్వయంగా వచ్చి నిలబడ్డాడు. కోపంగా కాదు, బుద్ధి చెబుతున్నట్టు మాట్లాడాడు.

"సూడమ్మా, నువ్వు సర్కారు మనిషివి. నీ మటుకు నువ్వు తీస్కపో, ఎవ్వరేమనరు. వాళ్లకు పోసుడు మొదలువెడితే రేపు వాళ్లే తాడు పడ్తరు. గప్పుడు నీక్కూడ బాయి ఉండదు."

నేను ఏదో గట్టిగా బదులిచ్చానని ఇక్కడ రాసుకోవచ్చు. ఇవ్వలేదు. తర్వాత నాలుగు రోజులు తల వంచుకుని నా రెండు బిందెలు నేను నింపుకున్నాను. గట్టు కిందివాళ్ల ముఖాలు చూడకుండా నడిచాను.

పిల్లల పాలు కలపడానికి రోజూ ఒక పెద్ద కడవ నీళ్లు కావాలి. కాలనీ ఆడవాళ్లు వంతులు వేసుకుని వాగు నుంచి తెచ్చిచ్చేవాళ్లు. పటేలు చెప్పిపోయిన ఐదో రోజు వంతు పక్కింటామెది. ఆయాసపడుతూ వచ్చి కడవ గడప మీద దించింది. లోపల మూలన నిండుగా ఉన్న నా రెండు బిందెలు కనబడ్డాయి. వాటిని చూసింది, నన్ను చూసింది, చెంగుతో మెడ తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నేను ఊరి బావికి పోలేదు. వాళ్ల వెంట వాగుకే నడిచాను. చెలిమె తోడటం నాకు రాక గోళ్ల సందున ఇసుక దిగి చేతులు వాచిపోతే పక్కింటామె అత్త, ముసలవ్వ, నా చేతిలో చిప్ప గుంజుకుని, "నువ్వు అచ్చరాలు రాసెటిదానివి, ఇటియ్యి బిడ్డా" అనేది.

నెలకోసారి బ్లాకు ఆఫీసరు వచ్చేవాడు. కోస్తా నుంచి వచ్చినవాడు. మనిషి సౌమ్యుడే. కానీ ఆ సౌమ్యమే నాకు అరికాలి మంట నెత్తికెక్కించేది. పిల్లల ముక్కులు, చేతులు చూసి ముఖం చిట్లించేవాడు.

"వీళ్లకి శుభ్రత అలవాటు చెయ్యాలండీ. ఇన్నాళ్లైనా చేతులు కడుక్కోవడం కూడా రాలేదంటే మీరు పాఠాలు సరిగ్గా చెప్పడం లేదనేగా?"

"నీళ్లు లేవు సార్. తాగడానికే వాగు నుంచి మోసుకొస్తున్నారు."

"బావి ఉందిగా?"

"బావిలో చుక్క లేదు సార్."

ఆయన సంచిలోంచి ఫైలు తీసి, ఒక కాగితం విప్పి నా ముందు పెట్టాడు. మంచినీళ్ల బావి, ఒకటి, అందినది. కింద గుండ్రంగా, పొందిగ్గా నా సంతకం.

"ఇది మీదేనా?"

నాదే. ఆయన ఫైలు మూసి, చేతులు కడుక్కోవడం మీద కొత్త పటం వచ్చిందని, పంపిస్తానని చెప్పి జీపెక్కాడు. తర్వాత నేను మూడుసార్లు అర్జీ రాశాను. నీళ్ల గురించి జవాబు రాలేదు. పటం మాత్రం వచ్చింది.

ఎండాకాలం ముదిరింది. వాగులో చెలిమెలు మోకాటి లోతుకు పోయాయి. పక్కింటామెకు ఎనిమిదో నెల. నువ్వు రావద్దు, నీ కడవ నేను తెస్తానని చెప్పాను. "నీ కడవ నువ్వే తెచ్చుకోలేవు టీచరమ్మా" అని నవ్వింది. ఆ రోజు కడవ నెత్తిన పెట్టుకుని వాగు ఒడ్డు ఎక్కుతుంటే కాలి కింద రాయి జారింది. నేను రెండడుగుల వెనుక ఉన్నాను. పట్టుకోలేకపోయాను. కడవ పగిలింది, మనిషి బోర్లా పడింది. మంచం మీద పడుకోబెట్టి నలుగురు మగవాళ్లు రోడ్డు దాకా మోశారు. బస్సు కోసం మిట్టమధ్యాహ్నం ఎండలో ఎంతసేపు నిలబడ్డామో నాకు తెలియదు. ఆమె పెదాలు తడపడానికి నా దగ్గర నీళ్లు లేవు. నా కొంగు నోట్లో పెట్టుకుని కొరుక్కుంటూ పడుకుంది.

దవాఖానలో బిడ్డ పుట్టాడు, చనిపోయి పుట్టాడు. తల్లి బతికింది. రెండో రోజు మాట్లాడే ఓపిక వచ్చాక, నేను చేయి పట్టుకోబోతే మెల్లగా వెనక్కు తీసుకుంది.

"నువ్వు మంచిదానివే టీచరమ్మా. గని గా కాయితం మీద సంతకం పెట్టేటప్పుడు ఒక్కపారి బాయిల తొంగి సూడకపోతివి."

నన్ను జీవితంలో చాలామంది తిట్టారు. ఆఫీసర్లు తిట్టారు, అత్తగారు తిట్టింది. ఏదీ అంత లోతుగా దిగలేదు. ఆమె తిట్టను కూడా లేదు.

ఆమె ఇంటికి వచ్చిన వారానికి కబురు తెలిసింది. జిల్లా నుంచి పెద్దసారు మా కాలనీ చూడటానికి వస్తున్నాడట. మిగతా తాలూకాలకు దీన్ని ఆదర్శంగా చూపిస్తారట. కంట్రాక్టరు మనుషులు వచ్చి రోడ్డు వైపు గోడలకే సున్నం కొట్టారు, వెనుక గోడలు వదిలేశారు. ముందు రోజు పొద్దున రెండు ఎడ్లబండ్లు వచ్చాయి. వాటి మీద రోడ్డు పనిలో తారు నింపే ఇనుప పీపాలు. పటేలు మోటబావి నుంచి ఆ పీపాల్లో నీళ్లు తెచ్చి మా బావిలో పోశారు. పొద్దంతా అదే పని. పోసి పోయి, నింపుకుని వచ్చి మళ్లీ పోశారు. కాలనీ ఆడవాళ్లు తలుపుల్లో నిలబడి చూశారు. కడవ నీళ్ల కోసం ఏళ్ల తరబడి గట్టు కింద నిలబడ్డవాళ్లు! వాళ్ల కళ్ల ముందు పటేలు బావి నీళ్లు బండ్లకొద్దీ వచ్చి గుంతలో పడుతున్నాయి. నీళ్లు లేక కాదు, ఏనాడూ నీళ్లు లేక కాదు. ఆ చప్పుడు వింటూ బాలవాడిలో నిలబడి నేను పలక ఒకటి నేలకేసి కొట్టాను. పిల్లలు జడుసుకున్నారు.

సాయంత్రం కంట్రాక్టరు బావి చుట్టూ తుమ్మకంప వేయించి నా దగ్గరికి వచ్చాడు.

"రేపు సారు బొక్కెన ఏపిచ్చి సూస్తడు. గప్పటిదాక ఎవ్వరు ముట్టొద్దు. ఇంటింటికి పోయి చెప్పు. నీ పేరు కూడ మంచిగొస్తది."

పోయి చెప్పాను. ప్రతి ఇంటి ముందు నిలబడి ఒకటే మాట చెప్పాను: "బావిలో నీళ్లు పోశారు. రేపు సార్ వచ్చిపోయేదాకా ముట్టొద్దని కంట్రాక్టరు చెప్పమన్నాడు." నా సొంతంగా ఒక్క మాట కలపలేదు. ముసలవ్వ అరుగు మీద కూర్చుని అంతా విన్నది.

"సెప్పమన్నది సెప్పినవు గదా?"

"చెప్పాను అవ్వా."

"ఇగ పోయి పండుకో."

తెల్లవారుతుండగా గిరక చప్పుడుకు మెలకువ వచ్చింది. తలుపు తీసి చూశాను. కంప పక్కకు లాగేసి ఉంది. బావి దగ్గర నుంచి వరుస చివరి దాకా ఆడవాళ్లు, కడవలు, గంగాళాలు, వంటగిన్నెలు, ఏది దొరికితే అది. ఎవరూ అరవడం లేదు, తోసుకోవడం లేదు. ముందు ముసలవ్వ నిలబడి వంతులు చూస్తోంది. దవాఖాన నుంచి వచ్చి ఇంకా తేరుకోని పక్కింటామె గోడ మీద ఒక చేయి ఆనించి, రెండో చేత్తో తాడు పట్టింది. నన్ను చూసి ఎవరూ కంగారుపడలేదు. నేను లోపలికి పోయి నా బిందె తెచ్చుకుని వరుస చివర నిలబడ్డాను.

ఆ నీళ్లు తారు వాసన కొట్టాయి. అయినా ఆ పొద్దున కాలనీలో ప్రతి పిల్లకూ తలంటు జరిగింది. చెంబుతో చిలకరించడం కాదు, నెత్తి మీద నుంచి నిండు బిందె కుమ్మరించారు. పిల్లలు కేకలు పెట్టారు. నా ఉద్యోగంలో శుభ్రత గురించి ఏ పాఠమూ చెప్పకుండా జరిగిన శుభ్రత అదొక్కటే. పొద్దు పొడిచేసరికి బొక్కెనలో బురద వచ్చింది.

జీపులు పది గంటలకు వచ్చాయి. పెద్దసారు, బ్లాకు ఆఫీసరు, కంట్రాక్టరు, వాళ్ల వెనుక పటేలు. పెద్దసారు బాలవాడి చూశాడు. తలలు దువ్వుకుని వరుసగా కూర్చున్న పిల్లలను చూసి సంతోషించాడు. "చాలా శుభ్రంగా ఉంచారు" అని నాతో అన్నాడు. బ్లాకు ఆఫీసరు నాకంటే ముందు నమస్కారం పెట్టాడు. తర్వాత బావి దగ్గరికి నడిచారు. జవాను బొక్కెన వేశాడు. తాడు దిగింది, ఇంకా దిగింది, ఠంగుమంది.

కంట్రాక్టరు ముఖంలో రంగు మారింది. "నిన్న పొద్దుగూకే దాక నిండుగ ఉండె సార్" అన్నాడు తడబడుతూ.

ముసలవ్వ ఆడవాళ్లలోంచి ముందుకు వచ్చింది. దండం పెట్టింది. గొంతులో భయమూ లేదు, వెక్కిరింతా లేదు.

"నిన్న బండ్లల్ల తెచ్చి పోసిన్రు సారూ. పొద్దుగాల మేం తోడుకున్నం. మల్ల ఎప్పుడు పోస్తరు?"

పటేలు ఎటో చూశాడు. పెద్దసారు ఒకసారి బావిలోకి, ఒకసారి కంట్రాక్టరు వైపు చూసి నన్ను పిలిచాడు.

"ఈమె చెప్పేది నిజమేనా?"

ముసలవ్వ పక్కకు నడిచి నిలబడ్డాను.

"నిజమే సార్. ఈ బావిలో ఏనాడూ నీళ్లు లేవు. ఉన్నాయని ఫైలులో ఉన్న సంతకం నాది. లోపలికి చూడకుండా పెట్టాను, తప్పు చేశాను. వాగు నుంచి నీళ్లు మోస్తూ పడి ఈమె కోడలు బిడ్డను పోగొట్టుకుంది. నిన్న పోసిన నీళ్లు ఈ పొద్దున మేమే తోడుకున్నాం."

మేమే అన్నాను. అనుకుని అనలేదు, అలా వచ్చింది. పక్కింటామె నా వైపు చూసింది.

ఆ తర్వాత ఏదో జరుగుతుందని అనుకున్నాను. కంట్రాక్టరును అక్కడే నిలదీస్తారని, కనీసం ఆ తల్లిని ఒక్క మాట పలకరిస్తారని. పెద్దసారు "నోట్ చేసుకోండి" అన్నాడు. బ్లాకు ఆఫీసరు నోట్ చేసుకున్నాడు. పటేలు ఇంట్లో భోజనాలు సిద్ధమయ్యాయని కబురొస్తే జీపులు అటు తిరిగాయి. కంట్రాక్టరు కూడా అదే జీపులో, అదే భోజనానికి. ఎక్కబోతూ బ్లాకు ఆఫీసరు నా దగ్గర ఆగి, "మా పరువు తీశారండీ మీరు" అన్నాడు, నిజంగా బాధపడుతున్నట్టు.

నెల తిరక్కముందే నాకు మెమో వచ్చింది. నీటి వనరును కాపాడటంలో నిర్లక్ష్యం చూపాననీ, నివాసులను రెచ్చగొట్టాననీ. సంజాయిషీ ఇవ్వమన్నారు. మూడు పేజీలు రాశాను. ఎర్ర సిరాతో రాయాలనిపించింది, నల్ల సిరాతోనే రాశాను. ఆ పేజీలు ఎవరూ చదివినట్టు లేరు. బదిలీ ఉత్తర్వు మాత్రం వచ్చింది, నల్లగొండ జిల్లాకు, తిరుమలగిరి దిక్కు. పోయేనాడు పక్కింటామె నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా వచ్చింది. వద్దంటే వినలేదు. బస్సు ఎక్కాక కిటికీలోంచి చేయి చాపితే ఈసారి పట్టుకుంది.

ఏడాదిన్నర తర్వాత నా సర్వీసు కాగితాల పని మీద కల్వకుర్తి వచ్చాను. అంగడిలో సీతాఫలాల గంప ముందు ముసలవ్వ కనబడింది. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుని, పండు విప్పి చేతిలో పెట్టింది. బావిలో నీళ్లు పడ్డాయని చెప్పింది. మందుపెట్టి బండ పగలగొట్టారట. జర ఉప్పగా ఉన్నాయి కానీ తాగుతున్నారట. కోడలికి మళ్లీ నెల తప్పిందట.

"బండ ఎవరు కొట్టించారు అవ్వా?"

"ఎవరున్నరు? గా కంట్రాక్టరే. మల్ల పని ఆయనకే ఇచ్చిన్రు."

"నా జాగాలో ఎవరొచ్చారు?"

"ఎవ్వరు రాలే. నీ గదిల ఇప్పుడు ఆయన సిమెంటు బస్తాలు పెట్టిండు. పోరగాండ్లకు పాలు బందయినయి."

పండు చేతిలోనే నలిగిపోయింది. నీళ్లు కావాలంటే మనిషిని తీసేయాలా? ఆ రెండూ ఒకే కాలనీకి ఇవ్వడానికి ఏ సర్కారు కొంప మునుగుతుంది? అంగడి అని చూసుకోకుండా గట్టిగా అనేశాను. పక్క గంపలవాళ్లు తిరిగి చూశారు. ముసలవ్వ నా చేయి తన పైటతో తుడిచింది.

"నీకే ఉన్నదనుకున్నవా కోపం? మాకు లేదా? నీకు కోపమొస్తె కాయితం మీద రాస్తవు. మేం పొద్దుగాల లేస్తె కూలికి, కైకిలికి పోవాలె. యాడ పెట్టుకోవాలె బిడ్డా మేం కోపం?"

ఇంకో పండు విప్పి ఇచ్చింది, తిన్నాను. ఎవరో బేరానికి వచ్చారు. ఆమె అటు తిరిగి, గంప మీద గుడ్డ తీసి, పండ్లు ఏరి చూపించడం మొదలుపెట్టింది.